బ్యాడ్‌లాండ్స్ ఒక్క రోజులో: తూర్పు నుంచి పడమరకు రండి, సాయంత్రాన్ని గడ్డి మైదానానికి ఉంచండి

మీ ప్రశ్న సారాంశం ఇది. జూన్ చివరి వారంలో అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో, ర్యాపిడ్ సిటీలో రెండు రాత్రులు బస. వెంట ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఏడేళ్ల పాప. ఎయిర్‌పోర్టులో తీసుకునే అద్దె కారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్కులోని లూప్ రోడ్డు మొత్తం గంట ప్రయాణమే అంటున్నారు కాబట్టి పొద్దున, కొండ రాతిలో అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ చూసుకుని, మధ్యాహ్నం బ్యాడ్‌లాండ్స్ తిరిగి రాగలమా అని అడిగారు.

రాగలరు. కానీ అలా వెళ్తే బ్యాడ్‌లాండ్స్ చూసినట్టు ఉండదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దిబ్బలకు నీడ పడదు. నీడ లేకపోతే గండ్ల లోతు కనబడదు, మట్టిలోని ఎరుపు, పసుపు చారలు వెలిసిపోయి అంతా ఒకే బూడిదరంగులా ఉంటుంది. పైగా ఆ వేళకు జంతువులన్నీ ఎక్కడో పడుకుని ఉంటాయి. రష్‌మోర్ ర్యాపిడ్ సిటీకి నైరుతిలో 25 మైళ్ల లోపు, బ్యాడ్‌లాండ్స్ తూర్పున 70 మైళ్లు. రెండూ రెండు దిక్కులు. మీరు దిగిన రోజు సాయంత్రమే రష్‌మోర్‌కు వెళ్లిపోండి. దానికి ప్రవేశ రుసుము లేదు, పార్కింగ్‌కు మాత్రం కట్టాలి. మర్నాడు పూర్తిగా బ్యాడ్‌లాండ్స్‌కు ఇవ్వండి.

ఇక ఆ గంట లెక్క. హైవే 240 అనే బ్యాడ్‌లాండ్స్ లూప్ రోడ్డు కాక్టస్ ఫ్లాట్ నుంచి వాల్ ఊరిదాకా 39 మైళ్లు. ఎక్కడా ఆగకుండా నడిపితే గంటే, నిజమే. కానీ దారి పొడవునా డజనుకు పైగా వ్యూపాయింట్లు, అరడజను చిన్న నడకదారులు ఉన్నాయి. పెద్దవాళ్లతో, పిల్లలతో ఆగుతూ వెళ్తే ఐదు గంటలు పడుతుంది. దానికి పడమటి కొసలో గడ్డి మైదానం వైపు పోయే సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు కూడా కలుపుకోవాలి, అదింకో రెండు గంటలు. సేజ్ క్రీక్ వదిలేసిన వాళ్లు దిబ్బలు చూసి వస్తారు గానీ, పార్కులో సగానికి పైగా ఉన్న గడ్డి మైదానాన్ని కిటికీలోంచి తప్ప చూడరు. నా దృష్టిలో ఆ రోజంతటిలో వదులుకోకూడనిది అదే.

అందుకే దిశ ముఖ్యం. ర్యాపిడ్ సిటీ నుంచి వచ్చే చాలామంది ఐ-90 హైవే మీద మొదట తగిలే వాల్ దగ్గరే దిగిపోయి, పినకిల్స్ గేటులోంచి లోపలికి వెళ్తారు. అలా వెళ్తే పడమటి కొస ఉదయమే అయిపోతుంది, సాయంత్రానికి తూర్పు కొసలో ఉంటారు. మీరు వాల్ దాటి, ఎగ్జిట్ 131 దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి పడమరకు రండి. బిగ్ బ్యాడ్‌లాండ్స్ ఓవర్‌లుక్ అనే వ్యూపాయింట్ తూర్పు ముఖంగా ఉంటుంది, దానికి ఉదయపు వెలుగు కావాలి. పినకిల్స్ నుంచి పడమరకు, సేజ్ క్రీక్ బేసిన్ వైపు చూస్తాం, దానికి సాయంత్రపు వెలుగు కావాలి. మధ్యలో ఎండ మండే వేళకు విజిటర్ సెంటర్‌లో ఉంటారు. బైసన్లు అనే అడవి దున్నలు, ప్రెయిరీ డాగ్‌లు ఉండేది కూడా పడమటి కొసలోనే, అవి హుషారుగా మేసేది కూడా చల్లబడ్డాకే. ఇన్ని లాభాలకు ఖర్చు హైవే మీద అదనంగా 21 మైళ్లు, అంతే.

ఐ-90 మీద ఎగ్జిట్ నంబర్లు వయోమింగ్ సరిహద్దు నుంచి లెక్కించిన మైళ్లే. ర్యాపిడ్ సిటీ ఎగ్జిట్లు 60కి అటూ ఇటూగా ఉంటాయి. కాబట్టి 110 దగ్గరున్న వాల్ సుమారు 50 మైళ్లు, 131 సుమారు 70 మైళ్లు అని దారిలోనే లెక్క వేసుకోవచ్చు. వేగ పరిమితి 80. జీపీఎస్‌లో ఉత్త "బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్క్" అని కొట్టకండి. పార్కు ఎంత పెద్దదంటే అది మిమ్మల్ని ఏ కంకర రోడ్డు మీదకో, దక్షిణాన పైన్ రిడ్జ్ రిజర్వేషన్ అనే ఆదివాసుల ప్రాంతంలో ఉన్న భాగానికో తీసుకెళ్లగలదు. "బెన్ రీఫెల్ విజిటర్ సెంటర్" అని పెట్టి, అది వాల్ దగ్గర దిగమన్నా దిగకుండా 131 దాకా వెళ్లండి. మ్యాపును ముందు రాత్రే హోటల్ వైఫైలో ఆఫ్‌లైన్‌గా దింపుకోండి, పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఒకవేళ ఎవరైనా సూ ఫాల్స్ వైపు నుంచి వస్తుంటే, మర్డో, కడోకా ఊళ్ల మధ్య టైమ్ జోన్ మారి గడియారం గంట వెనక్కి వెళ్తుంది. విజిటర్ సెంటర్ వేళలు, సూర్యాస్తమయం అన్నీ మౌంటెన్ టైమ్‌లోనే చూసుకోవాలి.

జూన్ చివర్లో అక్కడ పొద్దు ఐదుంబావు లోపే పొడుస్తుంది, రాత్రి 8:40 ప్రాంతంలో గుంకుతుంది. పదిహేను గంటల పగలు మొత్తం పెద్దవాళ్లను కారులో తిప్పడం కుదరదు. ఉదయం ఏడున్నరకు బయల్దేరి, పొద్దు గుంకే వేళకు పినకిల్స్ దగ్గర ముగించేలా పెట్టుకోండి. సూర్యోదయం చూసి తీరాలనుకుంటే మాత్రం ర్యాపిడ్ సిటీలో నాలుగింటి లోపే కదలాలి, అప్పుడు సాయంత్రాన్ని వదులుకోండి. రెండూ కావాలంటే నడిపేవాళ్లు ఇద్దరుండాలి.

దారిలో ఎగ్జిట్ 116 దగ్గర డెల్టా-09 ఉంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు మినిట్‌మ్యాన్ క్షిపణి గొయ్యి, పైన అద్దపు కప్పులోంచి లోపల నిలబెట్టిన క్షిపణిని చూడొచ్చు. ఎగ్జిట్ 131 ఉత్తరం వైపు ఆ చారిత్రక స్థలం విజిటర్ సెంటర్ ఉంది. ఈ మైదానాల కింద ఒకప్పుడు ఎన్ని క్షిపణులు ఉండేవో అక్కడి మ్యాపు చూస్తే తెలుస్తుంది. నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే రెండింటిలో ఒకదానికి అరగంట ఇవ్వండి. ఎగ్జిట్ 127 దగ్గరి భూగర్భ కంట్రోల్ గదికి ముందస్తు రిజర్వేషన్ కావాలి, నిచ్చెన కూడా ఉంది, ఈ ప్రయాణంలో అది వద్దు.

131 నుంచి దక్షిణంగా కొద్ది మైళ్లలో ఈశాన్య గేటు వస్తుంది. కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నగదు కాదు, కార్డు దగ్గర పెట్టుకోండి. మీ దగ్గర వార్షిక పాస్ ఉంటే కారులో ఉన్న అందరికీ అదే సరిపోతుంది, పాస్‌తో పాటు ఫోటో ఐడీ ఉంచండి.

గేటు దాటగానే బిగ్ బ్యాడ్‌లాండ్స్ ఓవర్‌లుక్. అప్పటిదాకా చదునుగా ఉన్న గడ్డినేల ఒక్కసారి తెగిపోయి కింద ఇంకో లోకం కనబడుతుంది. ఈ తెగిన అంచునే అక్కడ "గోడ" అంటారు, సుమారు 60 మైళ్ల పొడవు. పైన ఒక మైదానం, కింద ఇంకో మైదానం, మధ్యలో ఈ కోసుకుపోయిన గోడ. లూప్ రోడ్డు సీడర్ పాస్ అనే కనుమ దగ్గర కిందికి దిగి, తర్వాత మళ్లీ పైకెక్కి, ఎల్లో మౌండ్స్ దగ్గర మరోసారి దిగి, చివరికి పినకిల్స్ దగ్గర ఎక్కుతుంది. ఇది ముందే తెలిస్తే ప్రతి మలుపులోనూ గోడ పైన ఉన్నామా, కింద ఉన్నామా అని చూసుకుంటూ వెళ్లొచ్చు, చూసేది అర్థమవుతూ ఉంటుంది.

తర్వాతి పెద్ద పార్కింగ్‌లో డోర్, విండో, నాచ్ అనే మూడు నడకదారులు మొదలవుతాయి. విండో రానూపోనూ పావు మైలు, పేరుకు తగ్గట్టు గోడలో సహజమైన కిటికీలోంచి చూడటం. డోర్ రానూపోనూ ముప్పావు మైలు. మొదటి పావు మైలు చెక్క బాట, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. చెక్క బాట అయిపోయిన చోట అమ్మానాన్నలను కూర్చోబెట్టి, మీరు పాపతో పసుపు గుర్తు స్తంభాల వెంట చివరిదాకా వెళ్లిరండి. ఆ స్తంభాలు దాటి పోకండి, అంచుల దగ్గర మట్టి గట్టిగా కనబడుతుంది గానీ కాలు పెడితే విరుగుతుంది. నాచ్ ఒకటిన్నర మైలు. దానిలో తాళ్లతో కట్టిన దుంగల నిచ్చెన నిటారుగా ఉంటుంది, తర్వాత సన్నటి అంచు మీద నడక. ఏడేళ్ల పిల్లను ఒక్కరే తీసుకెళ్లే చోటు కాదు, వాన పడి ఉంటే ఎవరికీ కాదు. ఇక్కడ టాయిలెట్లు ఉన్నాయి, అందరూ వాడుకుని కదలండి.

విజిటర్ సెంటర్‌కు కాస్త ముందు క్లిఫ్ షెల్ఫ్ వస్తుంది. అర మైలు చుట్టు, చెక్క బాట, మెట్లు. పైనుంచి జారిపడ్డ మట్టిపెళ్ల నీటిని పట్టి ఉంచడంతో అక్కడ జూనిపర్ చెట్లు పెరిగాయి, ఆ దారి మొత్తంలో నీడ దొరికే అరుదైన చోటు. నాన్నగారిని మెట్లు మొదలయ్యే దాకా నడిపిస్తే చాలు. బాట పక్క పొదల్లోకి చెయ్యి పెట్టనివ్వకండి, దురద పుట్టించే పాయిజన్ ఐవీ ఉంటుంది.

సీడర్ పాస్ దిగేటప్పుడు మలుపులు గట్టిగా ఉంటాయి. బ్రేకు మీదే కాలు పెట్టకుండా తక్కువ గేరులో దిగండి. ముందు బండివాడు ఫోటో కోసం హఠాత్తుగా ఆగిపోవడం అక్కడ మామూలే, దూరం పాటించండి. మీరు మాత్రం రోడ్డు మీద ఆగొద్దు, పుల్లౌట్, అంటే రోడ్డు పక్కన బండి ఆపే చోటు, వచ్చేదాకా వెళ్లాలి. ఆ మెత్తటి అంచుల మీదికి చక్రం దింపితే కూరుకుపోతుంది.

పదకొండు, పన్నెండుకల్లా బెన్ రీఫెల్ విజిటర్ సెంటర్ చేరతారు. ఏసీ, చల్లటి తాగునీరు, మంచి టాయిలెట్లు. వేసవిలో ఇక్కడ శిలాజాల ప్రయోగశాల తెరిచి ఉంటుంది. రాతిలోంచి ఎముకను సూదిలాంటి పనిముట్లతో విడదీస్తుంటే ఎదురుగా నిలబడి చూడొచ్చు, ప్రశ్నలు అడగొచ్చు. 2010లో ఈ విజిటర్ సెంటర్‌కు దగ్గర్లోనే, మీ పాప వయసే ఉన్న ఏడేళ్ల అమ్మాయి కత్తిపళ్ల పిల్లిలాంటి జంతువు పుర్రెను గుర్తించింది. తవ్వకుండా, కదపకుండా రేంజర్లకు చెప్పింది. అందుకే అది విలువైన నమూనాగా నిలిచింది. పాపకు జూనియర్ రేంజర్ పుస్తకం ఉచితంగా అడిగి తీసుకోండి, పూర్తి చేస్తే బ్యాడ్జీ ఇస్తారు. ఈ మిషతో పెద్దవాళ్లకు గంటన్నర విశ్రాంతి దొరుకుతుంది.

భోజనం గురించి. పార్కులో తినడానికి దొరికేది పక్కనే ఉన్న సీడర్ పాస్ లాడ్జ్ ఒక్కటే, అదీ సీజన్‌లోనే. అక్కడ పేరున్న "ఇండియన్ టాకో" అంటే స్థానిక ఆదివాసుల పద్ధతిలో నూనెలో వేయించిన రొట్టె మీద మాంసం వేసి ఇచ్చేది. శాకాహారులైతే మాంసం లేకుండా ఇస్తారా, ఏ నూనెలో వేయిస్తారు అని అడిగి తీసుకోండి. అంతకంటే ర్యాపిడ్ సిటీ నుంచి పులిహోర, చపాతీలు కట్టుకెళ్లడం మేలు. పెరుగన్నం తీసుకెళ్తే కూలర్‌లో ఐసు మధ్యలోనే ఉంచాలి. ఆపిన కారు లోపలి వేడికి అది రెండు గంటల్లో పాడవుతుంది. కూలర్‌ను డిక్కీలో కాకుండా ఏసీ తగిలే వెనకసీటు కింద పెట్టండి. మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు లెక్కేయండి. పార్కు వాళ్ల సూచన కూడా రెండు గంటల నడకకు మనిషికి రెండు లీటర్లు. దారుల్లో ఎక్కడా కుళాయి లేదు, వాగుల్లోని నీళ్లు మట్టితో పాలలా తెల్లగా ఉంటాయి, వడగట్టినా పనికిరావు. పెట్రోలు కూడా పార్కులో లేదు. ఇంటీరియర్ ఊళ్లో, వాల్‌లో దొరుకుతుంది. వెళ్లేటప్పుడే వాల్ దగ్గర ముప్పావు ట్యాంకు కంటే తక్కువుంటే నింపేసుకోండి.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి లూప్ మీద పడమరకు. గోడ అడుగున నడుస్తున్న రోడ్డు ఇది, వేడిగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా కారులోంచే చూడండి. ఫాసిల్ ఎగ్జిబిట్ ట్రెయిల్ మాత్రం ఆగాల్సిన చోటు. పావు మైలు చెక్క బాట, ఎక్కడా మెట్టు లేదు, నాన్నగారు హాయిగా తిరగగలరు. తాకి చూడగల శిలాజ నమూనాలు పిల్లలకు బాగుంటాయి. సాడిల్ పాస్ ఎండలో ఎక్కొద్దు. పావు మైలే అంటారు గానీ నిటారుగా జారే మట్టి, దిగేటప్పుడే పడతారు.

రోడ్డు మళ్లీ పైకెక్కే ప్రాంతంలో 1890 డిసెంబరు నాటి సంగతి చెప్పే బోర్డు ఉంటుంది. ఆదివాసీ లకోటా ప్రజల నాయకుడు స్పాటెడ్ ఎల్క్, బిగ్ ఫుట్ అని సైన్యం పిలిచిన ఆయన, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లతో కలిసి గడ్డకట్టే చలిలో ఈ గోడను దిగి దక్షిణానికి వెళ్లాడు. డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం వాళ్లలో అత్యధికుల్ని కాల్చి చంపింది. అక్కడ ఐదు నిమిషాలు ఆగి చదవండి, పాపకు అర్థమయ్యేంత చెప్పండి. పార్కు దక్షిణ భాగం నేటికీ ఓగ్లాలా లకోటా ప్రజల భూమే. అక్కడ సరైన రోడ్లు తక్కువ, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దాన్ని బాంబుల సాధనకు వాడటం వల్ల పేలని బాంబులు ఇంకా బయటపడుతుంటాయి. ఒక్క రోజు ప్రయాణంలో అటు వెళ్లకండి.

ఎల్లో మౌండ్స్ దగ్గరికి వచ్చేసరికి మూడున్నర, నాలుగు అవుతుంది. ఇక్కడ కాసేపు నిలబడి పొరలు చదవాలి. అడుగున ఉన్నది సుమారు 7 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు బురద, పియర్ షేల్ అంటారు. సముద్రం తగ్గిపోయాక ఆ నల్లటి బురద గాలికి, చెట్ల వేళ్లకు తగిలి మట్టిగా మారి పసుపెక్కింది. ఆ పసుపు దిబ్బలు అవే, అంటే ఒకప్పటి నేల. వాటి మీద బూడిదరంగులో గుండ్రటి గుట్టల్లా ఉన్నది చాడ్రన్ పొర, 3.7 నుంచి 3.4 కోట్ల ఏళ్లది. ఖడ్గమృగాన్ని పోలిన భారీ టైటనోథీర్ల ఎముకలు దొరికేది ఇందులోనే. దానిపైన ఎర్ర చారలతో నిటారుగా కోసినట్టున్నది బ్రూల్, 3.4 నుంచి 3 కోట్ల ఏళ్లది. ఆ ఒక్కో ఎర్ర చార కూడా ఒక పాత నేలే. ఇంకా పైన తెల్లటి గీతలా కనబడేది అగ్నిపర్వతాల బూడిద. వానలు, వాగులు దీన్ని కోయడం మొదలుపెట్టింది మాత్రం కేవలం 5 లక్షల ఏళ్ల కిందట. సగటున ఏడాదికి ఒక అంగుళం కరుగుతోంది. గ్రానైట్ కొండ అంత కరగాలంటే వేల ఏళ్లు పడుతుంది. అందుకే ప్రతి పెద్ద వాన తర్వాతా కొత్త ఎముకలు బయటపడతాయి. ఏదైనా కనిపిస్తే కదపకండి. చుట్టుపక్కల గుర్తులతో ఫోటో తీసి రేంజర్లకు చెప్పండి. చిన్న రాయి అయినా జేబులో వేసుకోవడం నేరం.

పినకిల్స్ దగ్గర ఒకసారి ఆగి కొండగొర్రెల కోసం అంచుల మీద వెతకండి. పెద్ద కొమ్ముల బిగ్‌హార్న్ గొర్రెలు అక్కడ తరచూ కనబడతాయి. గేటు బయటికి పోకుండా, గేటుకు కాస్త ముందే ఎడమకు చీలే సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు పట్టుకోండి.

ఇది కంకర రోడ్డు, తారు లేదు. వెళ్లే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఒకటి, మీ అద్దె ఒప్పందం. చాలా కంపెనీల కాగితాల్లో తారు లేని రోడ్ల మీద నడపకూడదని ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితే బీమా వర్తించదు. కారు తీసుకునేటప్పుడే అడగండి. కుదరదంటే, రోడ్డు మొదట్లో ఉన్న వ్యూపాయింట్ల కోసం కూడా సాహసం చేయక్కర్లేదు, సాయంత్రం పినకిల్స్ దగ్గరే గడపండి, బైసన్లు అక్కడికీ వస్తుంటాయి. రెండోది, వాన. పొడిగా ఉన్నప్పుడు మామూలు సెడాన్ ఈ రోడ్డు మీద ఇబ్బంది లేకుండా వెళ్తుంది. తడిస్తే మాత్రం ఆల్-వీల్ డ్రైవ్ కూడా జారుతుంది. కారణం ఆ మట్టిలోని బెంటొనైట్. మన నల్లరేగడి ఎలా నీళ్లు తాగి ఉబ్బి, కాలికి గుడ్డలా చుట్టుకుని, ఎండితే నెర్రెలిచ్చిపోతుందో ఇదీ అంతే, రెండింటి గుణానికీ మూలం ఒకే జాతి బంకమన్ను. టైరు గాళ్లు మట్టితో నిండిపోయి పట్టు పోతుంది. ఆ రోజు వాన పడితే, లేదా ముందు రాత్రి గట్టిగా పడి ఉంటే, విజిటర్ సెంటర్‌లో రోడ్డు పరిస్థితి అడిగాకే వెళ్లండి.

కంకర మీద గంటకు 25 నుంచి 30 మైళ్లు. రోడ్డు మీద అలలుగా ఉండే గట్ల దగ్గర వేగం పెంచితే అదురు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ, టైర్లు నేలను సరిగ్గా పట్టవు, మలుపులో కారు వెనకభాగం పక్కకు పోతుంది. ఎదురుగా బండి వస్తుంటే వేగం తగ్గించి కుడికి జరగండి, అద్దానికి రాళ్లు తగిలేది వేగం వల్లే. ముందు బండి దుమ్ము సద్దుమణిగేంత దూరంలో ఉండండి, ఏసీని లోపలి గాలి తిరిగే మోడ్‌లో పెట్టండి. రోడ్డుకు అడ్డంగా ఇనప కడ్డీల క్యాటిల్ గార్డులు వస్తాయి, నెమ్మదిగా నేరుగా దాటండి.

హే బ్యూట్, బ్యాడ్‌లాండ్స్ వైల్డర్‌నెస్ ఓవర్‌లుక్‌లు దాటాక, సుమారు ఐదు మైళ్ల దగ్గర రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్. ఇవి కుక్కలు కావు, ఉడుత జాతివి, బొరియల్లో ఊళ్లు కట్టుకుని బతుకుతాయి. ఒకటి కూస్తే అన్నీ లేచి నిలబడతాయి, పాప అక్కడి నుంచి కదలదు. తిండి పెట్టకండి, ముట్టుకోకండి, వాటి ఒంటి మీది ఫ్లీ పురుగులతో ప్లేగు సోకే ప్రమాదం ఉంది. బొరియల దగ్గరికి పోవద్దు, పాత బొరియల్లో రాటిల్ స్నేక్‌లు చేరతాయి. పాము కనబడితే కదలకుండా నిలబడి, మెల్లగా వెనక్కి రావడమే. ఈ ప్రెయిరీ డాగ్‌లే తిండి అయిన నల్లపాదాల ఫెరెట్‌ను ఒక దశలో పూర్తిగా అంతరించిందనుకున్నారు. 1994లో ఈ ప్రాంతంలో మళ్లీ వదిలారు. అది రాత్రి జంతువు, పగలు కనబడదు.

బైసన్లను ఇక్కడికి 1963లో తిరిగి తెచ్చారు, ఇప్పుడు వెయ్యికి పైగా ఉన్నాయి. కనీసం 100 గజాల దూరం, అంటే ఫుట్‌బాల్ మైదానం పొడవంత, పాటించాలి. రోడ్డు మీదికి వస్తే ఇంజన్ ఆపకుండా ఆగండి, హారన్ కొట్టకండి, అవి వెళ్లేదాకా కారులోనే ఉండండి. టన్ను బరువున్న పోతు గంటకు 35 మైళ్ల వేగంతో పరిగెత్తగలదు. తోక నిటారుగా లేపిందంటే మీరు అప్పటికే దగ్గరగా ఉన్నట్టు. జూన్ చివర నుంచి పోతులు మందల్లో చేరడం మొదలై, జులై, ఆగస్టుల్లో జత కట్టే కాలంలో మరీ చిరాగ్గా ఉంటాయి. దూరంగా ఒంటరిగా పడుకున్న పోతును చూసి సాధువనుకుని సెల్ఫీకి వెళ్లేవాళ్లే ఎక్కువగా గాయపడతారు.

తిరుగుదారిలో ఏదైనా పుల్లౌట్‌లో ఇంజన్ ఆపి, అద్దాలు దించి, పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. ప్రెయిరీ, అంటే ఈ గడ్డి మైదానం, కదిలే కారులోంచి ఏమీ లేనట్టే ఉంటుంది. ఆగితేనే మెడోలార్క్ పిట్ట పాట వినబడుతుంది, గాలికి గడ్డి ఒక్కో జాతి ఒక్కోలా వంగడం కనబడుతుంది. వెస్టర్న్ వీట్‌గ్రాస్ నీలిపచ్చగా నిలువుగా ఉంటుంది. బఫెలో గ్రాస్ నేలను అంటిపెట్టుకుని తివాచీలా పరుచుకుంటుంది. ఈ నేలనే ఒకప్పుడు 160 ఎకరాల చొప్పున సాగుకు పంచారు. వాన చాలని చోట అంత భూమితో కుటుంబం గడవలేదు. 1930ల కరువు, దుమ్ము తుపానుల్లో రైతులు వదిలేసి పోతే ప్రభుత్వం తిరిగి కొన్నది. అలా కొన్న భూములతో ఏర్పడిందే పార్కును ఆనుకుని ఉన్న బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్. రాయలసీమ మెట్ట రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు ఈ కథ వేరే చెప్పనక్కర్లేదు. గడ్డిలో నడిస్తే కారెక్కే ముందు పాప కాళ్లు, సాక్సులు పురుగుల కోసం చూడండి, టిక్స్ ఉంటాయి.

చెప్పులు అన్నిటికీ కాదు. చెక్క బాటల మీద సరే, మట్టి మీద సన్నటి గుళికలు బంతుల్లా దొర్లి కాలు జారుతుంది. అమ్మగారికి కూడా పట్టున్న బూట్లు, నెత్తికి అంచున్న టోపీ. గొడుగు నమ్ముకోకండి, అక్కడి గాలికి నిలవదు. కారు తలుపు తీసేటప్పుడు కూడా చేత్తో పట్టుకుని తీయండి, ఎదురుగాలికి విసురుగా వెనక్కి విరుచుకుపోయి మడతబందు వంగుతుంది.

జూన్‌లో అసలు భయం ఎండకంటే పిడుగు, వడగళ్లు. మబ్బులు మధ్యాహ్నం తర్వాత బ్లాక్ హిల్స్ మీద కట్టి తూర్పుకు కదులుతాయి, అంటే మీ మీదికే వస్తాయి. అందుకే రెండింటి నుంచి ప్రతి వ్యూపాయింట్ దగ్గరా ముందు పడమర ఆకాశం చూడండి. నల్లగా లేస్తుంటే సేజ్ క్రీక్ ఆలోచన మానుకోండి. ఉరుము వినబడితే రెయిలింగుల దగ్గర నిలబడొద్దు, కారులోకి రండి. వడగళ్లలో ఇరుక్కుంటే పుల్లౌట్‌లో ఆపి, కారు ముందు భాగాన్ని వడగళ్లు వచ్చే దిక్కుకు తిప్పండి. ముందు అద్దం పొరలు అతికించినది, పక్క అద్దాల్లా తేలిగ్గా పగలదు. పిల్లను మధ్యసీటుకు జరిపి దుప్పటి కప్పండి.

సెప్టెంబరుకు మార్చుకునే వీలుంటే అది ఇంకా మంచిది, చల్లగా, ఖాళీగా ఉంటుంది. కానీ పగలు పన్నెండు గంటలే కాబట్టి ఆగే చోట్లు తగ్గించుకోవాలి. ఆగస్టు మొదట్లో స్టర్జిస్ మోటార్‌సైకిల్ ర్యాలీ రోజుల్లో మాత్రం పెట్టుకోకండి, ర్యాపిడ్ సిటీలో గది దొరకదు.

పొద్దు గుంకాక పినకిల్స్ గేటు నుంచి వాల్‌కు పావుగంట లోపే. వాల్ డ్రగ్ దుకాణం 1930లలో ఉచిత చల్లటి నీళ్ల బోర్డులతో పేరు తెచ్చుకుంది, అక్కడి కాఫీ ఇప్పటికీ ఐదు సెంట్లు. రాత్రికి మూసేస్తారు కాబట్టి, చూడాలనిపిస్తే పినకిల్స్ నుంచి ఆరింటికి వెళ్లి, అక్కడే తిని, తిరిగి సూర్యాస్తమయానికి రావొచ్చు, టికెట్ చెల్లుతుంది. ర్యాపిడ్ సిటీకి వెళ్లే 50 మైళ్లూ చీకట్లో 80 కొట్టకండి, 65 చాలు. జింకలు, జింకల్లాంటి ప్రాంగ్‌హార్న్‌లు ఈ వేళకే రోడ్డు దాటతాయి. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉంటుందనుకోండి, పక్కకు విసురుగా తిప్పకుండా సరళరేఖలోనే బ్రేకు వేయండి.

హైవే ఎక్కాక 60 దాటగానే స్టీరింగ్ వణికితే టైరు పాడైందని కంగారు పడకండి. చక్రం లోపలి గాడిలో మట్టి ఒకవైపు గట్టిపడి ఉంటుంది. వాల్‌లోనే పెట్రోలు బంకు వెలుతురులో పుల్లతో గీకేయండి, మిగిలింది ర్యాపిడ్ సిటీలో నాణేలు వేసి కడుక్కునే కార్ వాష్‌లో చక్రాల లోపలి వైపు, కారు అడుగున ఒత్తిడి నీళ్లు కొడితే పోతుంది. మర్నాటికి ఉంచితే ఆ బంకమన్ను సిమెంటులా బిగుసుకుంటుంది, కారు తిప్పి ఇచ్చేటప్పుడు శుభ్రం చేసిన ఖర్చు మీ బిల్లులో వేస్తారు.